కొండముచ్చు ఊఁ కొట్టిన కథ

వాగు ఒడ్డున నేరేడు చెట్టు మీద కొండముచ్చు, చెట్టు కింద జింక ఉండేవి. మందకు దూరంగా వచ్చి ఈనిన జింక, పిల్లను రేగు పొద పక్కన గడ్డిలో దాచుకుంది. మేతకు తల వంచితే దానికి చుట్టుపక్కల ఏమీ కనిపించదు. అందుకని ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం. జింక మధ్యమధ్య "అన్నా?" అని పిలుస్తుంది. కొండముచ్చు నాలుగు వైపులా చూసి, భయమేమీ లేకపోతే "ఊఁ" అంటుంది. ఆ ఒక్క ఊఁ మీదే తల్లి ప్రాణం నిలబడేది.

ఒకరోజు వాగు అవతలి గట్టు మీదికి నక్క వచ్చి కూర్చుంది.

"అక్కడే ఆగు! కదిలావో, అడవంతా లేపుతా" అంది కొండముచ్చు.

"నేనెందుకు కదులుతాను దొరా? మీ తాతగారి కథ మా అవ్వ చెప్పేది. మీ చెవిన వేసి పోదామని వచ్చా. కాకపోతే మీరు ఊఁ కొట్టాలి."

పొగిడితే పొంగనివాళ్ళెవరు? "నీ మీద కన్నేసే ఉంచుతా. ఇక కానీ!" అంది కొండముచ్చు.

"ఆయన తోక ఎత్తితే మబ్బుకు తగిలేదట."

"ఊఁ."

"ఆయన దూకితే పులి కూడా దారి ఇచ్చేదట."

"ఊఁ."

ఈలోగా వెనక వైపు నుంచి దాని పెళ్ళాం ఆడనక్క, పొట్ట నేలకు ఆనించి, పొద వైపు పాకుతోంది.

జింక మేస్తూ మేస్తూ తలెత్తింది. తను పిలవకుండానే ఊఁ వచ్చింది. మళ్ళీ వచ్చింది. దానికి అనుమానం వచ్చింది.

"అన్నా, నీ తోకకు నిప్పంటుకుంది!"

"ఊఁ."

జింక ఇక ఆగలేదు. ఒక్క పరుగున వెళ్ళి పిల్లను లేపి, మూతితో నెట్టుకుంటూ బండల చాటుకు చేర్చింది. అదే క్షణంలో ఆడనక్క గురి చూసి ఎగిరింది. పిల్ల లేని గడ్డి మీంచి జారి, సరాసరి రేగు కంపలో పడింది.

"నీ కథ తగలెయ్య! పొగడడం నీ వంతు, ముళ్ళు నా వంతా?" అని మొగుడి మీద అరుస్తూ కుంటుకుంటూ పోయింది. నక్క వాగు దాటి, తోక ముడుచుకుని వెంట నడిచింది.

బండల చాటున జింక పిల్లకు పాలిచ్చింది. కొండముచ్చు చెట్టు దిగి వచ్చింది.

"నేను నిద్రపోలేదు చెల్లీ. బద్ధకించలేదు. నక్క మీంచి చూపు తిప్పనైనా లేదు."

"నిజమేనన్నా. నిద్రపోతే గురక వినిపించేది. బద్ధకమైతే చెట్టే ఎక్కేవాడివి కాదు. నీది పరధ్యానం. కళ్ళు నక్క మీదే ఉన్నాయి, మనసు మాత్రం మీ తాత వెంట పోయింది."

కొండముచ్చు తల గోక్కుంది. "మరి రేపటి నుంచి?"

"ఊఁ వద్దు. ఏ దిక్కున ఏముందో చెప్పు. చూడకుండా అది చెప్పలేవు."

కొండముచ్చు గబగబా పైకెక్కింది. "తూర్పున నెమళ్ళు. ఉత్తరాన ఉత్త గాలి. పడమట వాగు నీళ్ళు. దక్షిణాన ముక్కు నాక్కుంటూ పోతున్న నక్క, దాని వెనక తిట్లు తింటున్న నక్క!"

జింక చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వి, నిశ్చింతగా మేతకు తల వంచింది.

నీతి: మనసు లేని కాపలా కన్నా కాపలా లేకపోవడమే నయం; కాపలా లేదని తెలిస్తే మన జాగ్రత్తలో మనం ఉంటాం.