వీపులు తిప్పిన మధ్యాహ్నం

రండమ్మా, రండి నాయనా, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఇది గట్టిగా అరిచి చెప్పే కథ కాదు. కాస్త తల దించుకుని చెప్పుకోవాల్సిన కథ. స్వామికి ఒక్కసారి దణ్ణం పెట్టుకోండి. ఆఁ, ఇక వినండి.

ఒక అడవిలో ఏటా వేసవికి వాగు ఎండిపోయేది. ఇసుకలో ఒక్క చెలమ మిగిలేది. చెలమ తెలుసుగా, ఇసుక తవ్వితే గుంటలో నీళ్లు ఊరతాయే, అది. అడవి మొత్తానికి అదే ప్రాణం. అందుకని జంతువులన్నీ కూడి ఒక నీటిపెద్దను ఎన్నుకునేవి. సాయంత్రం పిల్లతల్లులు ముందు తాగాలి, ముసలివి తర్వాత, మిగతావి ఆ తర్వాత. నీటిపెద్ద వంతు అన్నిటికన్నా చివర.

ఆ ఏడు అడవిగేదె గెలిచింది. నెమ్మదస్తురాలు, మాట తక్కువ. ఓడింది నక్క. గేదె పదవిలో ఇంకా కుదురుకోనే లేదు, నక్క పొదపొదకీ తిరగడం మొదలుపెట్టింది.

"పందిమామా, మన పెద్దమ్మగారి మూతి చూశావా?" అంది.

"చూశాను. నా మూతికన్నా నయమే" అంది అడవిపంది.

"వేళాకోళం కాదు. మిట్టమధ్యాహ్నం ఆ మూతి తడిగా ఉంటోంది. మనం సాయంత్రందాకా నాలుక ఎండబెట్టుకుని కూర్చుంటే, ఆవిడ ముందే దిగి తాగేస్తోంది."

"ఎవరు చూశారు?"

"దుప్పి చూసింది."

పంది ఊఁ అంది. నక్క అటునుంచి అటే దుప్పి దగ్గరికి పోయి అదే మాట చెప్పింది.

"నేను నమ్మను" అంది దుప్పి. "మూతి తడి సంగతి సరే, తాగుతుంటే చూసిందెవరు?"

"పందిమామ చూశాడు. ఆయనకి అబద్ధాలాడేంత తెలివెక్కడిది?"

దుప్పికి నవ్వొచ్చింది. నవ్వులో ఒప్పేసుకుంది. చివరికి కుందేలు బొరియ దగ్గరికి చేరింది నక్క.

"పందీ చూశాడు, దుప్పీ చూసింది. రేపు అందరూ వీపు తిప్పుతున్నారు. నువ్వొక్కదానివే మిగిలావనుకో, పిల్లలదానివి, ఆలోచించుకో పిన్నీ."

వీపు తిప్పడమేంటంటారా? మన చట్టసభల్లో అభిశంసన అంటారు చూడండి, కుర్చీలో ఉన్నవాణ్ణి సభంతా కలిసి దించడం. ఆ అడవిలో దాని పేరు వీపు తిప్పడం. పెద్దను చెలమ పక్కన నిలబెట్టి, చుట్టూ చేరి, పెద్దకి వీపు పెట్టి నిలబడతారు. ఎక్కువమంది తిప్పితే పెద్ద ఆ చెలమ వదిలి పోవాలి. పెద్దవైపు ముఖం పెట్టినవాళ్లు కూడా పెద్దతోపాటే పోవాలి. ఆ ఎండల్లో చెలమ వదిలి పోతే బతకడమేనా తల్లీ?

మర్నాడు మధ్యాహ్నం అందరూ కూడారు. వీపులు తిప్పారు. పంది తిప్పింది, దుప్పి తిప్పింది, పిల్లల్ని తలుచుకుని కుందేలూ తిప్పింది.

"నేను కూత పెట్టేదాకా ఎవరూ ఇటు చూడొద్దు" అంది నక్క.

గేదె తల దించుకుని నిలబడింది. అలాగే అంది, "నా తప్పేంటో ముఖం చూసి చెప్పండర్రా. చెప్పాక పోతాను."

పంది నేలమీద చీమల్ని చూస్తోంది. దుప్పి నోట్లో ఏమీ లేకుండానే నములుతోంది. కుందేలు చెవులు మాత్రం కాలిపోతున్నాయి. ఎండకి కాదు.

"నేను చూళ్లేదు!" అని అరిచింది కుందేలు. గిర్రున వెనక్కి తిరిగింది. "గేదెమ్మా, నేను నా కళ్లతో ఏమీ చూళ్లేదు. నీళ్లు పోతాయని భయపడి తిప్పాను. సిగ్గుగా ఉంది."

అంటూనే కళ్లు పెద్దవి చేసింది. గేదె వెనక, చెలమలో మెడదాకా దూరి, నక్క గటగటా తాగుతోంది! ఎవరూ చూడరన్న ధీమా మరి.

"అయ్యో, నక్కబావ తాగేస్తున్నాడు!"

అందరూ తిరిగారు. నక్క ఉలిక్కిపడి ఎగరబోయింది. గట్టు జారి ఇసుకంతా దాని మీద పడింది. తోక తప్ప ఏమీ కనబడడం లేదు.

గేదె మోకాళ్ల మీద వంగింది. నక్కను నోటితో తోక పట్టి బయటికి లాగింది. తర్వాత మూతి గుంటలో పెట్టి, జారిన ఇసుకను పైకి నెట్టి, గట్టుకి అదిమింది. మళ్లీ నెట్టింది, మళ్లీ అదిమింది. లేచి నిలబడేసరికి మూతి నిండా తడి, బురద.

అందరూ ఆ మూతినే చూస్తున్నారు.

"రోజూ మధ్యాహ్నం నువ్వు చేసే పని... ఇదేనా?" అంది దుప్పి మెల్లగా.

"ఎండకి గట్టు పొడిబారి జారుతుంది. సాయంత్రానికి పూడిపోకుండా చూసుకోవాలిగా" అంది గేదె. "అడిగితే చెప్పేదాన్ని."

ఎంత తిట్టినా అంత తగిలేది కాదు.

పంది బుసకొట్టింది. "అందరూ ఈ నక్కకి వీపు తిప్పండి! ఇప్పుడే!"

"ఆగు మామా" అంది కుందేలు. "మళ్లీ అదే పనా? ఈసారైనా ముందు అడుగుదాం. బావా, పంది చూశాడని ఎందుకు చెప్పావు?"

"నేనా? నేను చూశానని చెప్పాడా?" అంది పంది.

"నువ్వు చూశావని నాకూ చెప్పాడు" అంది దుప్పి.

నక్క చెవులు వాల్చింది. "పెద్దనైతే నా ఇష్టమొచ్చినప్పుడు తాగొచ్చనుకున్నాను" అంది. బొచ్చుకంటిన ఇసుక విదిలించుకోను కూడా విదిలించుకోకుండా పొదల్లోకి నడిచింది.

వెనకనుంచి గేదె పిలిచింది. "సాయంత్రం నీ వంతుకి రా. ఎండలు మండుతున్నాయి."

నక్క రాలేదు. ఆ పిలుపు విన్నాక ఏ ముఖం పెట్టుకుని వస్తుంది? మిగతావి వచ్చాయి. వరస తప్పకుండా తాగాయి, కానీ ఒక్కటీ తలెత్తి గేదె కళ్లలోకి చూడలేకపోయింది. అందరూ తాగాక గేదె వంగింది. అడుగున బురదనీళ్లే ఉన్నాయి. అవే తాగింది.

అడగకుండా వేసిన శిక్ష, వేసినవాళ్ల తలే దించుతుంది.

అమ్మా, నాయనా, ఇంటికెళ్లేలోపు మిగతాదంతా మరిచిపోయినా సరే, కుందేలు చేసిన ఒక్క పని గుర్తుంచుకోండి. తిప్పేసిన ముఖం మళ్లీ ఇటు తిప్పి, "నేను చూళ్లేదు" అంది. రేపు నలుగురిలో ఎవరి మీదో ఏదో మాట పడుతుంది. అప్పుడు మీరూ ఆ మనిషి వైపు ముఖం తిప్పండి, ఆ మాటే అనండి. స్వామి మీ వెనక ఉంటాడు.