తీగచుట్టకు సింగారం

చింతలగిరి రాజావారికి ఏ వస్తువు కంటపడినా దాన్ని సింగారించాలని చేతులు దురద. గడియారానికి కుచ్చులు కుట్టించారు, గొడుగుకు గజ్జెలు కట్టించారు. ఈసారి ఆస్థానంలో తయారైన రేడియో వంతు వచ్చింది.

"లోపలి తీగచుట్ట మరీ బోసిగా ఉంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎర్ర పట్టుదారం వేయించండి" అన్నారు.

రాజావారి మాట కాదనడం ఆస్థాన ఇంజనీరు శేషాచలపతికి అలవాటు లేదు.

"దివ్యమైన ఆలోచన ప్రభూ! చుట్లు ఎనభై ఉంటే చాలు, ఎంత ఎడంగా ఉన్నా ఒకటే" అన్నాడు.

చుట్టే పని మాత్రం పైడయ్య మీద పడింది. పైడయ్య అంతఃపురం వీణలకు తంతులు బిగించే నౌకరు. గొట్టం మీద తీగా దారమూ పక్కపక్కనే చుడుతూ, "దారం లేకుండా దగ్గరగా చుట్టినప్పుడు మద్రాసు స్టేషను చక్కగా పలికింది కదండీ" అని గొణిగాడు. వినేదెవరు?

మర్నాడు నిండు కొలువులో రేడియో పెట్టారు. ముల్లు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిప్పినా గురగుర తప్ప మద్రాసు జాడలేదు.

"వీడు తీగ కాజేశాడు ప్రభూ! చుట్లు తగ్గాయి, అందుకే మద్రాసు అందడంలేదు" అని ఇంజనీరు పైడయ్య వైపు వేలు చూపించాడు.

రాజావారి మొహం ఎర్రబడింది.

"ఏరా పైడీ! ఇప్పుడే మద్రాసు పలికించు. జానెడు తీగ కలిపినా, ఒక్క చుట్టు పెంచినా దొంగవే. పలక్కపోతే కొలువు విడిచిపో!"

పైడయ్య రేడియో ముందుకు వచ్చాడు. తప్పు దారానిదని తెలుసు. కానీ ఆ దారం రాజావారిది. రాజావారిని తప్పుపట్టి కొలువులో నిలిచినవాడు ఇంతవరకూ లేడు.

"చిత్తం. ముందు ఇంజనీరు గారే చుట్లు లెక్కపెట్టాలి."

శేషాచలపతి లెక్కపెట్టాడు. నోట్లో వెలక్కాయ పడినట్టు, "ఎనభై ఉన్నాయి" అన్నాడు.

"ఎంత ఎడంగా ఉన్నా ఒకటేనన్నారు. మరి దారం తీసేస్తే తమకు అభ్యంతరం లేదు కదండీ?"

కాదంటే తన మాట తనకే అడ్డం. ఇంజనీరు తల ఊపాడు.

పైడయ్య దారం లాగేశాడు. లక్కపూత తీగను బొటనవేళ్ళతో నెట్టి చుట్లన్నీ ఒకదానికొకటి ఆనించాడు. ముల్లు తిప్పాడు. మద్రాసు నాదస్వరం కొలువంతా మోగింది.

రాజావారి మొహం వికసించి, మళ్ళీ ముడుచుకుంది.

"అంటే, తప్పు నా దారానిదా?"

ఇంజనీరు మీసాల చాటున నవ్వాడు. పైడయ్య చేతులు కట్టుకున్నాడు.

"దారానిది తప్పెందుకవుతుంది ప్రభో! చుట్లకు ఒకదాన్నొకటి ఆనుకుంటేనే బలం. తమరి దారం మధ్యలోకి వచ్చేసరికి, మర్యాదకు ఎడంగా జరిగి నోరు మూసుకున్నాయి. తమరి మాట కాదనలేక మన ఇంజనీరు గారు నోరు మూసుకున్నట్టే!"

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంజనీరు భుజాల మీది సాలువా తీయించి పైడయ్యకు కప్పించారు. కొలువంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది శేషాచలపతే. రాజావారు నవ్వారు కదా మరి!