జాజుగీత మీద నాలుగు వేళ్లు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు పిల్లలూ, మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని కాలం. నల్లరేగడి చేల నడుమ ఒక శైవమఠం ఉండేది. ఆ మఠం ధాన్యాగారానికి కాటయ అధికారి. మనిషి బక్కపలచన, మాట పొదుపు.

మఠం పెరట్లో ఒక పాతర ఉండేది. పాతర అంటే ధాన్యం దాచే లోతైన గొయ్యి. బానలాగా కడుపు పెద్దది, మెడ సన్నం. మూడు ఊళ్ల విత్తనపు జొన్నలన్నీ అందులోనే. కోతలయ్యాక దాన్ని నింపి, గింజ ఎక్కడిదాకా వచ్చిందో మెడ లోపల ఎర్రని జాజుతో గీత గీసేవారు. పైన బండ మూసి, బంకమట్టి మెత్తి, మఠం ముద్ర వేసేవారు. ఏరువాక దాకా ఆ మట్టి ఎండి బిగిసి ఉండాలి. తడి కనిపించిందా, దొంగ పడ్డట్టే.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. మఠంలో పొయ్యి ఆరిపోయింది. ధాన్యాగారంలో మిగిలిన జొన్నల్ని కాటయ రోజుకు తలా పిడికెడు పంచేవాడు. మఠంలో అయ్యలకైనా, ఊళ్లో జనానికైనా అంతే. వేయించుకుని నమిలి, నీళ్లు తాగి పడుకునేవారు.

పాతర మీద అందరి కళ్లూ పడ్డాయి.

ముందు సేనాని వచ్చాడు. గుర్రాలకు దాణా కావాలంటూ కత్తి మీద చెయ్యి వేశాడు. కాటయ వెళ్లి బండ మీద కూర్చున్నాడు, నరికి తీసుకోమన్నాడు. మఠం మనిషిని నరికే ధైర్యం చాలక సేనాని తిరిగిపోయాడు.

తర్వాత పట్నం నుంచి ఒక శెట్టి బంగారం మూటతో వచ్చాడు. కాటయ ఆ మూట విప్పి చూడనైనా లేదు.

"ఇది చల్లితే మొలుస్తుందా శెట్టీ?" అన్నాడంతే.

మూడోసారి ఊళ్లవాళ్లే వచ్చారు, ఏడుస్తున్న పిల్లల్ని ఎత్తుకుని. ముందు పెద్దకాపు బాచన నిలబడ్డాడు. ఇది మాత్రం కాటయకు గుండె కోతే. కళ్లు తుడుచుకుని అన్నాడు: "బాచన్నా, ఇవాళ తినేస్తే వాన పడ్డాక ఏం చల్లుతావు?"

బాచన తల దించుకుని పాతర పక్కనే కూలబడ్డాడు. లేవబోతూ బండ అంచున చెయ్యి ఆనించాడు. చేతికి మట్టి అంటింది. తడి మట్టి.

ఇంకేముంది, ఊరంతా భగ్గుమంది. మనకు పిడికెడు, తనకు పాతరంతానా అన్నారు. కబురు విని సామంతుడు మాచభూపతి వచ్చి తీర్పుకు కూర్చున్నాడు. విత్తనం దొంగకు ఆ రోజుల్లో ఒకటే శిక్ష, రెండు చేతులూ నరకడం.

ముద్ర చెరిపావా అని కాటయను అడిగాడు.

"చెరిపాను ప్రభూ. రోజూ తెరిచాను."

జనం కేకలు వేశారు. బండ ఎత్తించారు. బాచన వంగి చూశాడు. జాజుగీత కనిపించలేదు. చెయ్యి పెట్టి గింజల్ని పక్కకు తోశాడు. గీత అడుగున ఉంది. దాని మీద నాలుగు వేళ్ల మందం జొన్నలున్నాయి.



"పురుగు కొంత తింటుంది, చెమ్మకు కొంత పోతుంది," అన్నాడు కాటయ. "విత్తనం చాలకపోతే చివరి చేను బీడు పడుతుంది కదా ప్రభూ. నా పిడికిట్లో సగం రోజూ ఇందులో వేశాను. ముద్ర చెరిపింది మాత్రం తప్పే. శిక్ష వేయండి."

మాచభూపతి ఆసనం దిగి వచ్చాడు. నరకమందామనుకున్న ఆ చేతుల్నే పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. బాచన వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ నెలలోనే వాన పడింది. మూడు ఊళ్లలో చివరి చేనుకు కూడా విత్తనం అందింది.

కాటయ చాలా ఏళ్లు బతికి, ఒక ఏరువాక నాడే కన్నుమూశాడు. ఆ తర్వాత ఏటా ఆ రోజున మూడు ఊళ్లవాళ్లూ తమ పూట తిండిలో సగం గింజలు తెచ్చి, తెరిచిన పాతరలో వేసి, ఆ పైనే విత్తనం తీసేవారు. మఠాధిపతి కూడా వరసలో నిలబడేవాడు. ఆ పూట సగం కడుపుతో ఉన్నామని ఒక్కరూ అనేవారు కాదు.

కాబట్టి పిల్లలూ, చెయ్యి లోపల పెట్టిన ప్రతివాడూ తీయడానికే పెట్టాడనుకోకండి. మనకు అప్పగించిన దాన్ని ముట్టకుండా కాపాడడం మంచితనం, మన నోటిది తీసి దానికి కలపడం మహనీయుల పని.