మైనం వీణ

వీణ మెట్లను దారాలతో కట్టుకునే రోజుల నాటి మాట. రాగం మారినప్పుడల్లా వాటిని జరిపి సరిచేసుకోవాలి. అది చేతకాకే సగం మంది వీణ వదిలేసేవారు. వీణలు చేసే పేరమ్మ ఆ మెట్లను మైనంతో అతికించేసింది. ఇక కూర్చుని వాయించడమే! ఊరంతా వీణలు మోగాయి.

ఆస్థాన విద్వాంసుడు కేశవభట్టు ఒకటి వాయించి చూశాడు. ఆయన కోరిన చోటికి మెట్టు జరగలేదు. ఒళ్లు మండిపోయింది.

"ఇవి నా చేతులకు సంకెళ్లు ప్రభూ! అన్నీ తగలబెట్టించండి," అన్నాడు.

రాజు సరేనన్నాడు. కోట ముంగిట మంట వేశారు. పేరమ్మ ఒక వీణ తెచ్చి, సెగ మాత్రం తగిలేలా పట్టుకుంది.

"వేయవేం?" అని గద్దించాడు భట్టు.

"ఇప్పుడు జరిపి చూడండి స్వామీ."

మైనం మెత్తబడింది. మెట్టు ఆయన వేలి కింద కోరిన చోటికి జరిగింది.

"సెగ చూపిస్తే మీ వీణ, చూపకపోతే పిల్లల వీణ. కాల్చేస్తే ఎవరిదీ కాదు. విద్య అందరిదీ స్వామీ," అందామె.

రాజు నవ్వి మంట ఆర్పించాడు. భట్టు నవ్వలేదు. చిన్నప్పుడు మెట్లు సరిచేయలేక ఏడ్చిన కూతురు సుభద్రను, "నీకు సంగీతం రాదు, లే!" అని పాఠం మధ్యలో పంపేసిన రోజు గుర్తొచ్చింది. ఒక మైనం వీణ అడిగి తీసుకుని, నేరుగా కూతురింటికి వెళ్లాడు.

సుభద్ర దాన్ని తడిమి చూసింది. తీగ మీటకుండానే చేయి వెనక్కి తీసుకుంది.

"మా అమ్మాయికి ఇస్తాను నాన్నగారూ. పాఠం మాత్రం మీరు చెప్పొద్దు."