ఉప్పుమడిలో పన్నెండు రోజులు

దయామణి ఇక ప్రార్థన మానేద్దామనుకుంది.

తొందరపడి అనుకున్నది కాదు. ఐదు నెలలు చేసి చూసింది. రోజూ పొద్దున్నే ఇంట్లో అందరికంటే ముందు లేచి, మోకాళ్ళ మీద కూర్చుని ఒకటే అడిగింది. పాస్టరు చదువుకని వేదాంత కళాశాలలో చేరాలంటే చర్చి సంఘపు పెద్దలు సిఫారసు ఉత్తరం ఇవ్వాలి. ఆ ఉత్తరం ఇప్పించమని అడిగింది. ఈ ఐదు నెలల్లో మూడుసార్లు పెద్దల ముందు నిలబడింది. మూడుసార్లూ లేదన్నారు. దరఖాస్తుకు నెలాఖరే గడువు.

తూర్పుదిబ్బ సంఘంలో పెద్దలు ఏడుగురు. ఏడుగురూ మగవాళ్ళే. గుడి ఊడ్చేవాళ్ళు, చాపలు పరిచేవాళ్ళు, జ్వరం వచ్చినవాళ్ళ ఇంటికి గంజి కాచుకుని వెళ్ళి పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళు పదిహేనుమంది ఆడవాళ్ళు. వాళ్ళను పెద్దలు అనరు.

దయామణిని ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఆ ఊళ్ళో ఆమెలా ప్రార్థన చేసేవాళ్ళు లేరు. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు. నోరు విప్పిందంటే ఆకాశమండలాలు, అగాధ జలాలు, కెరూబులు, సెరాపులు అనే దేవదూతలు, అన్నీ వరసగా దిగివచ్చేవి. పెళ్ళయినా, చావయినా "మణిని పిలవండి" అనేవారు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా పెద్దలు కళ్ళు మూసుకుని "ఆమేన్" అనేవారు. విని అనేవారా అంటే, అది వేరే సంగతి.

ఇంత బాగా అడిగితే దేవుడికి ఏం తక్కువయింది?

మూడోసారి వెళ్ళినప్పుడు సంఘాధ్యక్షుడు జకరయ్య నవ్వాడు. ఆయన దయామణికి వరసకు పెదనాన్న. "అంత చక్కగా ప్రార్థన చేస్తావు గదే, చక్కని మొగుడి కోసం చేసుకోరాదూ?" అన్నాడు. మిగిలిన ఆరుగురూ నవ్వారు. దయామణికి కన్నీళ్ళొచ్చాయి. మూడుసార్లూ అదే జరిగింది. వాళ్ళొక మాట అనడం, ఈమె ఏడవడం. ఈమె ఏడవగానే వాళ్ళు, "చూశావా? ఇంత మెత్తని దానివి, రేపు నలుగురిలో నిలబడి వాక్యం ఏం చెబుతావమ్మా?" అనడం.

సోమవారం పొద్దున దయామణి పరంజ్యోతమ్మను వెతుక్కుంటూ ఉప్పుమళ్ళకు వెళ్ళింది.

ఆరేళ్ళ వయసులో దయామణికి ప్రార్థన నేర్పింది పరంజ్యోతమ్మే. ఆమెకు చదువు రాదు. నలభై ఏళ్ళుగా ఉప్పు పని చేస్తోంది. ఆమె ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోతుంది. అందుకేనేమో, ఆమెను పెళ్ళిళ్ళకు పిలవరు.

మడి కొత్తగా సిద్ధం చేస్తున్నారు. ఆరుగురు ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, వరసలో బురద తొక్కుతున్నారు. మడి అడుగు గట్టిపడ్డాకనే అందులోకి ఉప్పునీళ్ళు వదలాలి. ఆ తరవాత ఎండ తన పని తాను చేసుకుంటుంది.

"పెద్దమ్మా, నేనింక ప్రార్థన చెయ్యను," అంది దయామణి గట్టు మీదనుంచి.

"చెప్పులు విప్పు."

"నేనేం చెబుతున్నానంటే..."

"విప్పి, దిగు."

దిగింది. చల్లటి బురద చీలమండల దాకా పట్టుకుంది. పక్కన తొక్కుతున్న గ్రేసమ్మకు పండగైంది. "ప్రసంగం చెప్పే అమ్మాయి వచ్చిందర్రా! చెప్పు తల్లీ, ఈ బురదకైనా వాక్యం చెప్పు. నీ పెద్దలకంటే ఇదే నయం, నవ్వదు."

మధ్యాహ్నానికి దయామణి పిక్కలు పట్టేశాయి. వెనక్కి తిరిగి చూస్తే పొద్దున తొక్కిన చోట మళ్ళీ అడుగుల గుంటలే.

"పెద్దమ్మా, ఇందాక తొక్కిన చోటే మళ్ళీ తొక్కుతున్నాం."

"అవును."

"ఎన్నాళ్ళు?"

"అడుగేస్తే అచ్చు పడకూడదు. అన్నాళ్ళు."

నిరుడు కొత్తగా వచ్చిన మేస్త్రీ తొందరపెట్టి మెత్తటి మడిలోకే నీళ్ళు వదిలించాడు. ఉప్పు తేలింది గానీ, గీస్తే సగం బురద. నల్లటి కుప్పను గట్టు మీద పారబోశారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. పరంజ్యోతమ్మ దాన్ని చూపించలేదు. చూపించాల్సిన పనిలేదు, తొక్కుతున్నంతసేపూ ఎదురుగానే ఉంది.

మూడోరోజు దయామణి ఉండబట్టలేక అడిగేసింది. "అసలు దేవుడు వింటున్నాడంటావా?"

పరంజ్యోతమ్మ తలెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుడి వైపు చూసింది.

"ఎండకేం లోటు లేదు. రోజూ వస్తూనే ఉంది. తొక్కు."

దయామణి తొక్కింది. ఆదివారం ఒక్కటే మానింది. మళ్ళీ సోమవారం దిగింది. పొద్దున లేచేసరికి నడుం పట్టేసి ఉండేది, మోకాళ్ళ మీద ఎక్కువసేపు నిలవలేకపోయేది. ముందు కెరూబులు పోయాయి. తరవాత సెరాపులు పోయాయి. అగాధ జలాలు ఇంకిపోయాయి. పన్నెండో రోజు శనివారానికి ఆమె నోట్లో మిగిలింది ఒక్కటే మాట. "ప్రభువా, ఆ ఉత్తరం కావాలి."

ప్రార్థన మానేస్తానన్న సంగతి ఆమెకు గుర్తే లేదు.

ఆ సాయంత్రం పరంజ్యోతమ్మ వంగి మడిని చూసింది. ఇంకా సన్నగా అచ్చు పడుతోంది. ఇంటికి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు గుళ్ళోనే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్ళు ఓ పక్క చాపలు చుడుతున్నారు. దయామణి వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"మళ్ళీ వచ్చావా మణీ?" అన్నాడు జకరయ్య.

"వచ్చాను పెదనాన్నా."

"మళ్ళు తొక్కడానికి పోతున్నావంటగా. ఆ పగిలిన కాళ్ళు చూసి ఎవడు చేసుకుంటాడే నిన్ను?"

ఏడుగురూ నవ్వారు. దయామణి అలవాటు కొద్దీ కన్నీళ్ళ కోసం చూసింది. రాలేదు. తనకే వింతగా అనిపించింది. కాళ్ళ వైపు చూసుకుంది. నిజమే, పగిలాయి. బాగానే నిలబడ్డాయి.

"ప్రార్థన చేద్దాం," అంది.

ఆ మాట చెవిన పడితే చేతిలో ఏముంటే అది కింద పెట్టి, తలవంచి కళ్ళు మూసుకోవడం ఆ ఏడుగురికీ పుట్టిననాటి నుంచీ ఉన్న అలవాటు. మూసుకున్నారు. జకరయ్య టీ గ్లాసు కూడా కింద పెట్టాడు.

"ప్రభువా, దయామణికి సిఫారసు ఉత్తరం కావాలి. జకరయ్య పెదనాన్న ఇవాళే రాయాలి. పెద్దలందరూ సంతకం పెట్టాలి."

ఆగింది.

"ఆమేన్!" అన్నారు ఏడుగురూ. ఇంత త్వరగా అయిపోయిందన్న సంతోషంతో కాస్త గట్టిగానే అన్నారు.

ముందు కళ్ళు తెరిచింది జకరయ్య. "ఏమన్నావే నువ్వు?"

"ప్రార్థన చేశాను పెదనాన్నా. మీరు ఆమేన్ అన్నారు."

"అది... ఏదో నోటికి అలవాటై..."

"అయితే దేవుడికి ఆ మాట మీరే చెప్పండి. ఏదో అలవాటుగా అన్నాం, పట్టించుకోవద్దని. మేమంతా కళ్ళు మూసుకుంటాం."

చాపలు చుట్టే చేతులు ఆగిపోయాయి. గ్రేసమ్మ అక్కడినుంచే అంది, "నీ గొంతే అందరికంటే పైకి వినబడింది బావా. నేను సాక్ష్యం చెబుతా."

పెద్దలందరిలోకీ పెద్దవాడు తీతయ్య తాత. ఆయన గడ్డం గోక్కుని, "జకరయ్యా, కాగితం తియ్యి. గుళ్ళో కూర్చుని అన్న ఆమేన్‌ను వెనక్కి తీసుకోవడం నేనెరుగుదునా, నువ్వెరుగుదువా?" అన్నాడు.

జకరయ్య జేబులు తడుముకున్నాడు. పెన్ను లేదన్నాడు. దయామణి దగ్గర ఉంది. ఐదు నెలలుగా ఉంది.

సోమవారం పొద్దున ఆమె ఉప్పుమళ్ళకు వెళ్తుంటే దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. తల దించకుండానే బదులు చెప్పింది. ఏడు సంతకాల ఉత్తరం చేతిలో ఉంది. ఎలా మొదలుపెట్టాలో, జకరయ్య మొహం గురించి ఎక్కడ చెప్పాలో నడుస్తూనే సర్దుకుంది.

మడి గట్టు మీద పరంజ్యోతమ్మ కూర్చుని ఉంది.

"పెద్దమ్మా..."

"చెప్పులు విప్పు."

దయామణి విప్పింది.

"ఆ గట్టు దాకా నడిచిరా."

నడిచింది. ఉత్తరం చేతిలో పట్టుకుని, నిటారుగా, ఈ గట్టునుంచి ఆ గట్టుకు. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

పరంజ్యోతమ్మ ఉత్తరం వైపు చూడలేదు. వంగి, ఆమె నడిచిన దారంతా అరచేత్తో తడిమి చూసింది. ఆదివారం ఎండకు మడి బిగిసింది, ఎక్కడా ఒక్క వేలి అచ్చయినా లేదు.

పరంజ్యోతమ్మ తన నడుం పట్టుకుని లేచి, కాలవ వైపు కేకేసింది.

"గ్రేసమ్మా, ఇక నీళ్ళు వదలవే!"