కట్ట మీద పడుకోని కుక్క

నెదర్లాండ్స్‌లో సముద్రం కన్నా పల్లంగా ఉన్న ఏడు ఊళ్లకి ఒకటే కట్ట. దాని బాగోగులు చూసే సభకి మఠాధిపతి లాంబర్ట్ పెద్ద. పేరుకే పెద్ద, ఆయన హుకుం చెల్లదు. ఏ ఊరూ ఒంటరిగా నెగ్గలేదు. ఏడుగురూ సరేననేదాకా మాట్లాడుకోవాల్సిందే.

సభలో తీర్మానాలు రాసే ఆయన శిష్యుడు టైమన్‌కి ఈ పద్ధతంటే ఒళ్లు మంట. పడమటి వైపు కట్ట ఎత్తు పెంచాలని ఆరు ఊళ్లు తొమ్మిది రోజుల కిందటే ఒప్పుకున్నాయి. ఏడోది మూడిళ్ల పల్లె. దాని తరఫున వచ్చిన సీబ్రాండ్ అనే ముసలాయన రోజూ లేచి, నిదానంగా అదే మాట మొదలుపెడతాడు.

"మా కుక్క కట్ట మీద పడుకోవడం మానేసిందండీ."

అంతే, సభంతా గొల్లున నవ్వుతుంది. నిజం చెప్పాలంటే అందరికన్నా గట్టిగా నవ్వేది టైమనే.

పదో రోజు మధ్యాహ్నం అతను ఉండబట్టలేక గురువుని అడిగాడు. "గురువుగారూ, పౌర్ణమికి పెద్ద పోటు వస్తుంది. ఈ కుక్క గోల వింటూ కూర్చుంటే అందరం మునుగుతాం. చేతులెత్తించి తేల్చేయండి."

లాంబర్ట్ చేతికర్ర తీసుకుని కట్ట దిగి, సముద్రం వెనక్కి తగ్గిన బురదలోకి నడిచాడు. టైమన్ వెంట వెళ్లాడు. పొగమంచు దట్టంగా ఉంది. కొంతదూరంలో, ఎప్పుడో మునిగిపోయిన ఊరి చర్చి శిఖరం కొస మోకాలెత్తున పైకి కనిపించింది.

"చెవి పెట్టు," అన్నాడు గురువు.

రాయి చల్లగా తగిలింది. కాసేపటికి అడుగున కుర్చీలు జరిపిన చప్పుడు. ఎవరో నెమ్మదిగా ఏదో చెప్పబోయారు. గొల్లున నవ్వు. "ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అందొక గొంతు. తర్వాత నీళ్ల హోరు. ఆ తర్వాత మళ్లీ కుర్చీలు జరిగాయి.

మూడోసారి వింటున్నప్పుడు, కింద నవ్వు రాకముందే తన పెదవులు సాగడం టైమన్‌కి తెలిసింది. భయంతో వెనక్కి జరిగాడు.

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"నేను శిష్యుడిగా వచ్చిన రోజున కూడా ఇదే."

"ఆ నెమ్మది గొంతు ఏం చెబుతోంది గురువుగారూ?"

"నాకూ తెలీదు నాయనా. నవ్వు అడ్డం వస్తుంది."

వాళ్లు వెనక్కి తిరిగేసరికి తాము నడిచొచ్చిన అడుగుజాడల్లో నీళ్లు నిండుతున్నాయి.

సభ మళ్లీ కూడింది. సీబ్రాండ్ లేచాడు. "మా కుక్క..." అన్నాడో లేదో బల్ల చుట్టూ నవ్వు మొదలైంది. టైమన్ కలం కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఎందుకు మానేసిందండీ?"

ముసలాయన అతని వంక వింతగా చూశాడు. పది రోజుల్లో ఆయన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు.

"కట్టలోంచి నీరు ఊరి తడిగా ఉంటోంది బాబూ," అన్నాడు. "సముద్రం వైపు కాదు. మా ఇళ్ల వైపు."