చుక్కకోడి చూడని పూలు

పొద్దు వాలితే చాలు, ఆ పెరట్లో చుక్కకోడికి లోకం మాయమైపోయేది. కోళ్లకు రేచీకటి కదా! వెలుగుండగానే గూట్లో చేరేది, తెల్లారాకే బయటికొచ్చేది.

దాని ఒక్కగానొక్క పిల్లను వేసవిలో గద్ద తన్నుకుపోయింది. పసుపుపచ్చ పిల్ల, వీపు మీద ఎర్ర చార. పోకముందు ఆ పిల్ల ఎక్కడినుంచో మిరియాల్లాంటి నల్లటి గింజలు మూడు ఏరుకొచ్చి గూటి మూల దాచుకుంది.

"నా బిడ్డ దాచుకున్నవి. పూస్తే ఆ పూలలో దాన్ని చూసుకుంటాను," అంటూ చుక్క ఆ గింజల్ని గూటి గుమ్మం పక్కనే పాతింది. ఏ మొక్కవో దానికి తెలియదు.

పుంజు పగలబడి నవ్వింది. "కోడి వ్యవసాయమా! రేపొద్దున నువ్వే గీకి పారేస్తావు. మన కాళ్ల సంగతి నాకు తెలీదా?"

చుక్క గీకలేదు. ఆ మట్టి దగ్గరికి వెళితే ఒక కాలు పొట్టకింద ముడుచుకుని ఒంటికాలి మీద నిలబడేది. ఎనిమిదో రోజున మొలకలొచ్చాయి. రెండు నెలలకు గుబురై మొగ్గ తొడిగాయి. ఈలోగా చుక్క ఏడు గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది.

కానీ ఎప్పుడు చూసినా మొగ్గలే. ఒక్క పువ్వూ లేదు.

పది రోజులు చూసింది. పదకొండో నాడు తెల్లారగానే పందికొక్కు బొరియకు పోతూ ఆగింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అది.

"ఏంటక్కా, మొహం అలా వాడింది?"

"దూరంగా ఉండి మాట్లాడు. లోపల గుడ్లున్నాయి."

"అయ్యో, నా పళ్లూడి ఏడాదైంది. గరిక వేళ్లు కూడా నమల్లేకపోతున్నాను. నాకు గుడ్లెందుకు?"

చుక్క మెత్తబడింది. "రాత్రంతా తిరుగుతావు కదా తమ్ముడూ, ఈ మొక్కలు పూస్తున్నాయా?"

"పూయడమా! గొడ్డు మొక్కలక్కా ఇవి. పొదుగు మీదున్న కోడి గుమ్మంలో గొడ్డు మొక్క ఉంటే గుడ్లు మురిగిపోతాయంటారు. పోయిన బిడ్డ కోసం ఉన్న బిడ్డల్ని పోగొట్టుకుంటావా? తర్వాత నీ ఇష్టం."

చుక్క ఆ పూట మేత ముట్టలేదు. మధ్యాహ్నం లేచి, రెండు నెలలు ఆపుకున్న కాళ్లతో గీకింది. వేళ్లు బయటపడేదాకా గీకి, మూడు మొక్కల్నీ పెంటకుప్ప మీదికి ఈడ్చింది. వెలుగుండగానే గూట్లో చేరి గుడ్ల మీద కూర్చుంది.

చీకట్లో ఏదో పొట్టకింద దూరింది. చుక్క అరిచింది, కనబడని దాన్ని గుడ్డిగా పొడిచింది. గింజుకునేసరికి గుడ్లు ఒక్కొక్కటే దొర్లిపోయాయి. తెల్లారేసరికి పెంకులు మిగిలాయి.

ఇంటి కుక్క వచ్చి చూసి తల దించుకుంది.

"నా అరుపు వినబడలేదా అన్నా?" అంది చుక్క.

"వీధి వాకిట్లో పడుకున్నాను, చుక్కా. ఇన్నాళ్లూ ఇంటావిడ సందెవేళ బుట్ట పట్టుకుని నీ మొక్కల దగ్గరికి వచ్చేది. ఆవిడ వెనకే నేనూ వచ్చి, రాత్రంతా వాటి మొదట్లో చల్లగా పడుకునేవాణ్ణి. నిన్న వచ్చి ఖాళీ నేల చూసి వెనక్కి తిరిగింది. నేనూ వెళ్లిపోయాను."

"బుట్ట ఎందుకు?"

"పూలకే! అవి చంద్రకాంతలు. పొద్దు వాలాకే పూస్తాయి. ఒక్కటి మిగల్చకుండా కోసుకుపోయేది."



"ఏ రంగు?" అంది చుక్క.

"పసుపుపచ్చ. మధ్యలో ఎర్ర చార."

చుక్క పెంటకుప్ప వైపు నడిచింది. కాడలు అప్పటికే వడలిపోయాయి. ఒక కాలు ముడుచుకుని వాటి పక్కన ఒంటికాలి మీద నిలబడింది.

మొక్క పీకమన్నవాడికి అది ఎక్కడ అడ్డమో తెలుసుకున్నాకే వేరు మీద కాలు వెయ్యాలి.